ఏడు సంతానాల లెక్క

మనుచరిత్ర అవతారికలో శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనను తనకొక కావ్యం అంకితమిమ్మని అడుగుతాడు. అందుకు ఆయన చెప్పిన కారణం తెలుగు సాహిత్యం చదువుకున్నవారికి తెలిసిందే. సప్తసంతానాల్లో కాలానికి శిథిలం కానిది కృతి ఒక్కటేనట, అది తనకు కావాలట. ఈ సన్నివేశాన్ని కావ్యగౌరవానికి నిదర్శనంగా విమర్శకులు ఎన్నోసార్లు ఉదహరించారు. నాకు ఆసక్తి కలిగించేది ఇంకొకటి ఉంది. అప్పటికే ఉదయగిరి దుర్గాన్ని లొంగదీసుకున్న రాజు ఆయన. కొండవీడు పట్టుకుని, పొట్నూరులో జయస్తంభం నాటినవాడు. అటువంటివాడు తన బతుకులో ఏది మిగులుతుందని ఆలోచించినప్పుడు గెలిచిన కోటలను లెక్కపెట్టుకోలేదు. అందరికీ ముందే తెలిసిన ఒక జాబితాను తీసి, అందులో తనకింకా కావలసినదేదో చూసుకున్నాడు. ఆ జాబితాలో విజయానికి చోటు లేదు. పదవికి లేదు. అనుభవించిన భోగానికీ లేదు.

తనయుడు, తటాకం, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం. ఈ ఏడింటినీ సప్తసంతానాలన్నారు. కొడుకు పుట్టి పిండం పెడితే తప్ప పితృఋణం తీరదని గట్టిగా నమ్మిన సమాజం, ఆ కొడుకు పక్కనే మరో ఆరింటిని కూర్చోబెట్టి వాటికీ అదే పేరు పెట్టింది. ఇది చిన్న విషయం కాదు. కొడుకు పుట్టడం మనిషి చేతిలో లేదు. చెరువు తవ్వించడం, తోపు వేయించడం, కావ్యం రాయడమో రాయించడమో మనిషి చేతిలో ఉన్నవి. పైగా ఏడింటికీ కొన్ని పోలికలున్నాయి. ప్రతిదీ దాన్ని ప్రారంభించినవాడు పోయాక కూడా నడవాలి. ప్రతిదాన్నీ మరొకరు అనుభవించాలి, మరొకరు కాపాడాలి. నీళ్లు నిలవని చెరువూ దీపం పెట్టని గుడీ సంతానం లెక్కలోకి రావు. నా వాదన ఇది: మధ్యయుగాల తెలుగు నేలలో ఒక బతుకు ఫలించిందో లేదో తేల్చడానికి ఈ జాబితా నిజంగా వాడుకలో ఉన్న కొలమానం. మనిషి ఎంత ఎత్తుకు చేరాడన్నదాన్ని పక్కన పెట్టి, అతని తరవాత ఏది నడుస్తోందన్నదాన్ని అది అడిగింది. ఏడు దారులు చూపింది కాబట్టే రాజూ వర్తకుడూ కవీ భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఎవరి తీరులో వారు తమ జీవితాన్ని సఫలమనుకోగలిగారు. దాని లోపాలూ పెద్దవే, వాటినీ లెక్క కట్టాలి. కానీ దాన్ని వదులుకుని మనం పోగొట్టుకున్నది అంతకంటే పెద్దదని చరిత్ర చెబుతోంది.

చెరువుతో మొదలుపెట్టాలి, ఎందుకంటే ఈ ఏడింటిలో రాతి మీద అతి స్పష్టమైన సాక్ష్యం వదిలింది అదే. కడప జిల్లా పోరుమామిళ్లలో క్రీ.శ. 1369 నాటి శాసనం ఒకటుంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరో పేరున్నవాడు, ఉదయగిరి రాజ్యాన్ని ఏలుతూ అక్కడ అనంతరాజసాగరమనే చెరువు కట్టించాడు. శాసనాల్లో దాత వంశాన్నీ పరాక్రమాన్నీ పొగిడి ఊరుకోవడం మామూలు. ఇది అక్కడితో ఆగదు. జలదానం ఎందుకు గొప్పదో చెప్పి, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను వరసగా చెబుతుంది. ధర్మాత్ముడూ ధనవంతుడూ అయిన రాజు ఉండాలి, జలశాస్త్రం తెలిసిన పండితుడు ఉండాలి, నేల గట్టి మన్నుదై ఉండాలి. తియ్యని నీటి నది అందుబాటులో పారాలి. కట్టను తాకే కొండ కావాలి, ఆ కొండ కొమ్ముల నడుమ మరీ పొడవు కాని గట్టి రాతికట్ట పడాలి. చెరువు కడుపు విశాలంగా, లోతుగా ఉండాలి. దగ్గర్లో నిడుపాటి రాళ్లు దొరికే గని ఉండాలి, కింద చదునైన పొలాలుండాలి, పని తెలిసిన కూలీల గుంపు ఉండాలి. ఆ తరవాత ఆరు దోషాలు: కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు మధ్యలో మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై పొలం తక్కువ కావడం. రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారనీ, తూము పనికీ రాతి కట్టడానికీ వంద బండ్లు నడిచాయనీ, పూర్తి కావడానికి రెండేళ్లు పట్టిందనీ కూడా ఆ రాతిమీదే ఉంది.

ఈ శాసనాన్ని నీటిపారుదల చరిత్రకారులు ఇంజనీరింగు పత్రంగా చదువుతారు. అది న్యాయమే. నేను దాన్ని ఒక మనిషి తన బతుకు గురించి ఇచ్చుకున్న వాంగ్మూలంగా కూడా చదువుతున్నాను. భాస్కరుడు రాజకుమారుడు. చెప్పుకోవాలంటే యుద్ధాలున్నాయి, వంశముంది. వాటిని చెప్పుకున్నాడు కూడా. కానీ రాతిలో ఎక్కువ చోటు ఇచ్చింది రాబోయే కాలంలో చెరువు కట్టబోయే ఎవరికైనా పనికివచ్చే జ్ఞానానికి. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు కట్టవద్దన్న సలహా ఆయనకు ఇంక అక్కరలేదు. ఆయన చెరువు అప్పటికే కట్టేశాడు. అది తరవాతివారి కోసం రాసిన మాట. తన పని తనతో ఆగిపోకూడదనే కోరిక ఎంత బలంగా ఉంటే అలా రాయిస్తారు! ఆరున్నర శతాబ్దాలు దాటినా పోరుమామిళ్ల చెరువు ఇంకా చెరువుగానే ఉంది.

దీనికి ముందు తరాల్లో కాకతీయుల కాలం ఉంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయం కట్టించాడు. మనం రామప్ప గుడి అంటున్నది అదే. 2021లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది కాబట్టి గుడి పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. గుడికి దగ్గర్లోనే చెరువుంది, ఆ చెరువు కింద ఈనాటికీ పంట పండుతోంది. గుడి, చెరువు, ఊరు అనే ఈ మూడింటినీ కలిపి కట్టడం కాకతీయ సామంతుల పద్ధతి. గుడికి ఆదాయం పొలం నుంచి రావాలి, పొలానికి నీరు చెరువు నుంచి రావాలి, చెరువు కట్టను కాపాడే మనుషులు ఊళ్లో ఉండాలి. ఒక సంతానం మరో సంతానాన్ని పోషించేలా అమర్చారన్నమాట. ఈ కట్టుదిట్టం వల్లే ఏడింటి జాబితా పురాణాల మాటగా మిగిలిపోకుండా నేల మీదికి దిగింది.

ఈ దారి స్త్రీలకు తెరుచుకోవడం నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల మూలపురుషుల వరసను చరిత్రకారులు సరిచూసుకోవడానికి ఆ శాసనమే ముఖ్యాధారమైంది. ఒక రాజవంశపు చరిత్ర ఆ ఇంటి ఆడపడుచు తవ్వించిన చెరువు దగ్గర భద్రంగా మిగిలింది. గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక భర్త మల్యాల గుండయ పోయాక ఆయన పేరున గుడి కట్టించింది. 1276 నాటి బూదపురం శాసనం ఆ సంగతి చెబుతుంది. తరవాతి శతాబ్దాల్లో తరిగొండ వెంగమాంబ కథ ఇంకా స్పష్టం. 1730లో పుట్టిన ఈమె చిన్నతనంలోనే భర్తను కోల్పోయింది. ఆనాటి సమాజం లెక్కలో అటువంటి స్త్రీ బతుకు అక్కడితో ముగిసినట్టే. పిల్లలు లేరు, ఇల్లు లేదు, శుభకార్యంలో ఎదురు రాకూడదన్నారు. ఆమె తిరుమల చేరి ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం వంటి గ్రంథాలు రాసింది, కొండమీదికి వచ్చినవారికి అన్నదానం నడిపింది. 1817లో ఆమె పోయింది. ఇప్పుడు తిరుమలలో రోజూ వేలమంది భోంచేసే నిత్యాన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. పుత్రసంతానం మాత్రమే కొలతగా ఉన్న సమాజమైతే ఆమెను ఏ గడిలోనూ రాసుకునేది కాదు. మరో గడి ఉంది కాబట్టే ఆమె నిలిచింది.

కృతి సంగతికొస్తే, దాన్ని సంపాదించినవారంతా రాజులే అనుకోవడం పొరపాటు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది అవచి తిప్పయ్యసెట్టికి. ఆయన వర్తకుడు. సింహళం ఏనుగులు, హురుమంజి గుర్రాలు, చీనా పట్టు, కర్పూరం, కస్తూరి తెప్పించి రెడ్డిరాజుల వసంతోత్సవాలకు అందించినవాడు. ఆయన సరుకుల జాబితా మనకు తెలియడానికి కారణం కూడా ఆ కావ్యపు అవతారికే. ఓడలు ఎప్పుడో మునిగాయి, ఆ కర్పూరం ఆ ఏటి వసంతోత్సవంతోనే ఆవిరైంది. సెట్టి మిగిలాడు. కేతన తన దశకుమారచరిత్రను సాటి కవి తిక్కనకు అంకితం చేశాడు. అంటే కవి కూడా మరో కవి దగ్గర సంతానం పొందవచ్చన్నమాట. అన్నమయ్య కీర్తనలను కొడుకూ మనవలూ రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రపరిచారు. కడుపున పుట్టిన సంతానం కలంతో పుట్టిన సంతానాన్ని కాపాడిన ఉదంతం అది. ఆ రేకులు శతాబ్దాల తరబడి కొండమీద నిశ్శబ్దంగా ఉండి, ఇరవయ్యో శతాబ్దంలో వెలికి వచ్చి, ఇవాళ ప్రతి ఇంట్లో పాటగా మోగుతున్నాయి.

మిగిలినవాటిలో తోపుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చింతతోపులూ మామిడితోపులూ బాటసారులకు నీడనిచ్చాయి, గుడికి పండ్లిచ్చాయి, చివరికి పొలాల్లో కలిశాయి. నిధి మాత్రం ఈ జాబితాలో అన్నిటికంటే బలహీనమైనదని నా అభిప్రాయం. ఆపదలో ఎవరికో పనికివస్తుందని ధనం నిక్షేపించడం దాని ఉద్దేశం. భూమిలో దాచిన సొమ్ము చెరువులా ఏటా పంటనివ్వదు, కావ్యంలా చదివించదు. పైగా గుప్తనిధుల ఆశతో రాయలసీమలోనూ తెలంగాణలోనూ పాత గుళ్ల గర్భాలయాలనూ నందులనూ పెకలించే ముఠాల వార్తలు ఈనాటికీ ఆగలేదు. ఒక సంతానం కోసం మరో సంతానాన్ని నరుకుతున్నారు. ఎంత బాధాకరం!

ఇక అభ్యంతరాలు. ఇదంతా కీర్తికాంక్ష అనీ, ధర్మం ముసుగేసుకున్న రాజకీయమనీ చరిత్రకారులు అంటారు. గుడి కట్టిన సేనాని ఆ ప్రాంతం మీద తన అధికారాన్ని నాటుకున్నాడు, చెరువు తవ్వించిన రాజు పన్ను పెంచుకున్నాడు, కృతి పుచ్చుకున్నవాడు వంశానికి లేని గొప్పతనాన్ని కొనుక్కున్నాడు. ఇందులో చాలా భాగం నిజం. ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ రాయలే ఈ సంగతి దాచలేదు. దేశం చిన్నదైనా చెరువులూ కాలువలూ తవ్వించి, పేద రైతుకు పన్ను తగ్గిస్తే ధర్మమూ అర్థమూ రెండూ పెరుగుతాయన్నాడు. నా దృష్టిలో ఇది ఆ కొలమానపు బలం. మనిషికి కీర్తికాంక్ష ఉండటం సహజం. దాన్ని చంపమని చెప్పిన సమాజాలు పెద్దగా గెలవలేదు. ఆ కాంక్షను ఎటు మళ్లించారన్నదే అడగవలసిన ప్రశ్న. నలుగురు తాగే నీటివైపు మళ్లిస్తే, దాత మనసులో ఏముందన్నది మూడు తరాల తరవాత ఎవరికీ పట్టదు. ఆయకట్టు రైతుకు కావలసింది తూములో నీరు.

కానీ ఆ నీటికి ఎవరు ఏం చెల్లించారన్న అభ్యంతరాన్ని ఇంత తేలిగ్గా దాటలేం. విజయనగరంలో రాయలు కట్టిస్తున్న పెద్ద చెరువును చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ అక్కడ పదిహేను ఇరవై వేలమంది చీమల్లా పనిచేస్తున్నారని రాశాడు. కట్ట రెండు మూడుసార్లు తెగిందనీ, బలులు కావాలని చెబితే రాజు అరవైమంది మనుషులనూ కొన్ని గుర్రాలనూ దున్నలనూ బలి ఇప్పించాడనీ కూడా రాశాడు. ఆ అరవైమంది పేర్లు ఏ శాసనంలోనూ లేవు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ఆత్మార్పణ చేసుకుందన్న స్థానిక కథను కట్టమంచి రామలింగారెడ్డి ముసలమ్మ మరణంగా కావ్యం చేశారు. ఆ కథలో చెరువు బుక్కరాయల పేరున ఉంది, కట్టను నిలబెట్టింది మాత్రం ఆ ఇంటి కోడలు. తరతరాలుగా కట్టల మట్టి మోసిన వడ్డెరలకు సంతానపు లెక్కలో వాటా రాలేదు. అగ్రహారాల విషయం ఇంకా కఠినం. పండితులకు ఊరు దానమిచ్చినప్పుడు ఆ ఊరి సేద్యగాడి పన్ను ఎవరికి వెళ్తుందో మారింది. అతని బరువు తగ్గలేదు. తవ్విన చెరువులో దిగే హక్కూ, కట్టిన గుడిలో అడుగుపెట్టే హక్కూ లేని కులాలకు ఈ సంతానాలు ఏ ఫలమిచ్చాయి? ఈ ప్రశ్నకు జాబితా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు లేకపోవడాన్ని ఆనాటివారే గుర్తించారు కూడా. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో బోయవాడైన కన్నప్పనూ చాకలి మాచయ్యనూ మహాభక్తులుగా నిలబెట్టాడు. వారి దగ్గర చెరువు తవ్వించే డబ్బు లేదు. వారి కాయకష్టం, భక్తి చాలన్నాడు. వేమన దానధర్మాల ఆడంబరాన్ని ఏకరువు పెట్టి మరీ నిలదీశాడు. పోతన భాగవతాన్ని రాజుకు ఇవ్వకుండా శ్రీహరికి అంకితం చేశాడు. ఊరి పొలిమేరల్లో వీరగల్లులు ఇంకో కొలమానాన్ని చెబుతాయి. పశువుల మందను కాపాడుతూనో, ఊరిని కాపాడుతూనో చచ్చిపోయినవాడి బతుకు ఒక్క రోజులో ఫలించిందని వాటి సాక్ష్యం. అంటే సఫలత గురించి తెలుగువారి మధ్య వాదం ఎప్పుడూ ఉంది. సప్తసంతానం ఆ వాదంలో ఒక పక్షం, అతి ప్రభావం గల పక్షం. నేను దాన్ని మెచ్చుకుంటున్నది నిర్దోషమని కాదు. అది నిర్మాణాన్నీ నిర్వహణనూ మనిషి బతుకు విలువతో ముడిపెట్టింది. ఆ ముడి భక్తి ఉద్యమాలు వేయలేదు, వీరగల్లులూ వేయలేదు.

నిర్వహణ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, కొలమానం దెబ్బతిన్నది అక్కడే. చెరువు కట్టిన దాత దాని మరమ్మతుకు కొంత భూమిని ఇనాంగా విడిచేవాడు. రాయలసీమలో దాన్ని దశబంధం అన్నారు. ఆ భూమి అనుభవించేవాడు కట్టను బాగుచేయాలి, పూడిక తీయాలి. దాత పోయాక సంతానాన్ని సాకే ఏర్పాటు అది. కంపెనీ పాలన వచ్చాక భూమిశిస్తు మీద దృష్టి పడింది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఒక్కో ఇనాందారు హక్కును పత్రాలతో పరీక్షించింది. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం చెరువుకట్టలు తెగే ప్రమాదంలో ఊరివాళ్లను పనికి రప్పించే నిర్బంధ శ్రమ చట్టం చేసింది. ఆచారంగా నడిచిన పనికి చట్టం భయం అవసరమైందంటే, ఆచారం అప్పటికే సన్నగిల్లిందని అర్థం. 1876 నుంచి 1878 వరకు సాగిన కరువు కర్నూలు, కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను తుడిచిపెట్టింది. ఆ దెబ్బ తిన్నాక 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. చెరువు సర్కారుదయింది. సర్కారుదైన చెరువు ఎవరి సంతానమూ కాదు.

అదే కాలంలో మరో కొలమానం ఎదిగింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. బి.ఎ. అనే రెండక్షరాలు పేరు చివర చేరాయి. ఉద్యోగం పురుషలక్షణమన్న మాటకు కచేరీ గుమాస్తా, మునసబు, తహసీల్దారు పదవులు అర్థమిచ్చాయి. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన కన్యాశుల్కంలో గురజాడ ఈ మార్పును పట్టుకున్న తీరు ఇవాళ్టికీ సాటిలేనిది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే చాలు, ఎదుటివాడు వంగుతాడన్న ధీమా గిరీశానిది. ఈ మార్పును పూర్తిగా తప్పు పట్టలేను. చదువుకున్న పేదవాడికి మొదటిసారి ఒక నిచ్చెన దొరికింది. ఆ పాత జాబితా వాడికేమీ ఇవ్వలేదు కదా. కానీ నిచ్చెన ఎక్కినవాడి బతుకుకు ఆ ఎక్కడమే కొలత అయింది. జీతం, హోదా, పింఛను అన్నీ మనిషితో పాటే ముగిసేవి.

అయితే పాత కొలమానం చచ్చిపోయిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో అది కొత్త రూపాల్లో, పాత తప్పులు కొన్ని దిద్దుకుని, మళ్లీ లేచింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారు చేసి వ్యాపారిగా గెలిచారు. ఆ డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక, తరవాత ఆంధ్రగ్రంథమాల నడిపారు. జనం ఆయనకిచ్చిన బిరుదు విశ్వదాత. మల్లాడి సత్యలింగం నాయకర్ రంగూన్‌లో సంపాదించిన ఆస్తిని కాకినాడ ప్రాంతంలో చదువులకూ ధర్మాలకూ వీలునామా రాశారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ ఇంటి ఆదాయమంతా దారినపోయేవారి అన్నానికే ఖర్చుచేసింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు గ్రంథాలయాన్నే ఊరూరా నాటారు. భాగ్యరెడ్డివర్మ పని వీటన్నిటికంటే నాకు గొప్పదిగా తోస్తుంది. 1906లో జగన్మిత్రమండలితో మొదలుపెట్టి, గుడిలోకీ బడిలోకీ రానివ్వని పిల్లల కోసం హైదరాబాదులో పాఠశాలలు పెట్టారాయన. ఏ వర్గాన్నయితే సప్తసంతానాల జాబితా బయట ఉంచిందో, ఆ వర్గం నుంచి వచ్చిన మనిషి అదే సూత్రాన్ని మరింత న్యాయంగా ఆచరించి చూపించాడు. జాబితా మారింది, అగ్రహారం పోయి బడి వచ్చింది. బతుకును కొలిచే పద్ధతి మాత్రం నిలిచింది.

ఇప్పటి మాట వచ్చేసరికి ఇంకొక అభ్యంతరం ఎదురవుతుంది. వ్యక్తిగత విజయం వ్యక్తికి సంబంధించినదేననీ, ఎవరి సంతోషం వారే నిర్ణయించుకోవాలనీ, తాతలనాటి లెక్కను ఈనాటి యువకుడి మీద రుద్దడం అన్యాయమనీ అంటారు. ఎంట్రన్సు ర్యాంకు, హైదరాబాదులో ఫ్లాటు, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం ఒక కుటుంబాన్ని పేదరికం నుంచి బయట పడేస్తే అది విజయం కాదా అని అడుగుతారు. తప్పకుండా విజయమే. కరువు పల్లెలో పుట్టి ఆ దూరం నడిచినవారి కష్టాన్ని చిన్నచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. నా అభ్యంతరం వేరు. ఇవాళ తెలుగు ఇళ్లలో పిల్లలకు చూపిస్తున్న విజయాల జాబితాలో ఏడు దారులు లేవు, ఒక్కటే ఉంది. స్వేచ్ఛ పేరుతో మనం పాతదానికంటే ఇరుకైన కొలమానాన్ని తెచ్చుకున్నాం. పరీక్షలో తప్పినవాడికి, ఉద్యోగం దొరకనివాడికి, పెళ్లి కానివారికి, పిల్లలు లేనివారికి ఇందులో రెండో గడి లేదు. వెంగమాంబకు పద్దెనిమిదో శతాబ్దంలో దొరికిన గడి అది. ఫెయిలైన పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న వార్తలు ప్రతి ఏడూ ఫలితాల రోజున చదువుతున్నాం. ఒకే దారి ఉన్నచోట అది మూసుకుపోతే మనిషికి ఏం మిగులుతుందో ఆ వార్తలే చెబుతున్నాయి.

ప్రవాసాంధ్రులు సొంతూళ్లలో బడి గదులూ మంచినీటి పథకాలూ కట్టిస్తున్నారు. అంటే ఆ పాత కోరిక నెత్తురులో ఇంకా ఉంది. అక్కడ కూడా లోటు మళ్లీ నిర్వహణలోనే కనిపిస్తోంది. ప్రారంభోత్సవం రోజున ఫలకం వేస్తారు, దశబంధం లాంటి ఏర్పాటు చేయరు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ పేరుతో నలభై ఆరు వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టినప్పుడు ఆ పేరు ఎంచుకోవడంలోనే చరిత్ర స్పృహ ఉంది. పూడిక తీయడం సర్కారు చేయగలదు. తీసిన చెరువు మళ్లీ పూడకుండా, దాని శిఖం భూమి, అంటే నీరు నిలిచే నేల, ప్లాట్లు కాకుండా చూడటానికి ఆ ఊళ్లో ఎవరో ఒకరు దాన్ని తమ సంతానమనుకోవాలి. మళ్లీ మొదటి సన్నివేశానికి వస్తే, కృష్ణదేవరాయల కొడుకు తిరుమలరాయలు పసితనంలోనే పోయాడు. 1529లో రాయలు కన్నుమూశాక సింహాసనం సోదరుడు అచ్యుతరాయలకు వెళ్లింది. కృష్ణదేవరాయలకు మిగిలినవి కావ్యమూ గుడులూ చెరువులూ. మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారో, ఊరి గ్రంథాలయానికి స్థలం ఎవరిచ్చారో, బడికి పునాది ఎవరు వేశారో తెలుసుకోండి. శాసనం ఉంటే చదివించండి, అరిగిపోతుంటే అచ్చు తీయించి భద్రపరచండి. ఆ పేర్లు మీ పిల్లలకు ర్యాంకర్ల పేర్ల పక్కన చెప్పండి.